పాత బెంజ్ కారుల రేడియో మార్చుకోండ్రి, కాని వైర్లు కోయనియ్యకండ్రి

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్ల కార్ల పేజీల ఒక ముక్క చదివిన, పాత లగ్జరీ కార్లు ఉన్నోళ్లు కంపెనీ రేడియో పీకేసి పెద్ద టచ్ స్క్రీన్ పెట్టుకుంటే బండి లోపల కొత్తదాని లెక్క అయితదని, రెండు గంటల పనేనని రాసిండ్రు. చదివిన కాంచి మనసుల అదే మెసులుతున్నది, అందుకే ఈ ఉత్తరం, జర పొడుగైతది, ఓపికతోని చదవండ్రి. రేడియో మార్చొద్దని నేను అంటలేను, ఎవరి బండి వాళ్లిష్టం, పైగా కొన్ని సెట్లు నిజంగనే ఇంక బాగు కావు. కాని ఆ రెండు గంటల పనిల మా బండికి ఏమైందో, దాన్ని మళ్ల దారికి తెచ్చుకోను ఎన్ని నెలలు పట్టిందో చెప్తే ఇంకో నలుగురి బండ్లన్న బాగుంటయని నా ఆశ.

మాది హన్మకొండ. మా బాపుకు ఇప్పుడు 82 ఏండ్లు. ఒకప్పుడు కరీంనగర్ దిక్కు గ్రానైట్ పనులు చేసెటోడు, పని బాగా నడిచిన రోజులల్ల హైదరాబాద్‌ల ఒక డాక్టర్ గారి దగ్గర 1996 మోడల్ మెర్సిడెస్ ఈ 220 సెకండ్ హ్యాండ్‌ల తీసుకున్నడు. డబ్ల్యూ 124 అంటరు ఆ బాడీని, మన దేశంల మెర్సిడెస్‌వాళ్లు 1995ల పూణేల టెల్కో, అంటే ఇప్పటి టాటా మోటార్స్ ప్లాంట్‌ల బిగించుడు మొదలు పెట్టిన మొదటి కారు అదే. డోర్ వేస్తే బీరువా మూసినట్టు ఒక్కటే చప్పుడు, తెలిసినోళ్లకు తెలుస్తది. దాంట్ల బెకర్ కంపెనీ క్యాసెట్ రేడియో ఉన్నది. ఎడమ దిక్కు గుండ్రటి నాబ్, వత్తితే ఆన్ అయితది, తిప్పితే సౌండ్, కింద స్టేషన్ల బటన్లు. మొదటి బటన్ మీద ఆకాశవాణి వరంగల్, 103.5. బాపు పనుల మీద కరీంనగర్ పోయేటప్పుడు ఎల్కతుర్తి, హుజూరాబాద్ మీదికెళ్లి పోతుంటే దారి పొడుగునా అదే వినేటోడు. ఇప్పుడు బాపుకు చూపు బాగా తగ్గింది, డ్రైవింగ్ ఎప్పుడో బంద్ చేసిండు, ముందట ఎడమ సీట్ల కూసుంటడు, బండి కదలంగనే చెయ్యి దానంతట అదే ఆ నాబ్ మీదికి పోతది, చూడనే అక్కర లేదు, బటన్లు వేళ్లతోని లెక్క పెట్టుకుని మొదటిది వత్తుతడు. ఈ ఒక్క ముచ్చట యాదికి పెట్టుకోండ్రి, మిగతా కత అంత దీని చుట్టే ఉన్నది.

మూడేండ్ల కింద బ్యాటరీ మార్పిచ్చిన. తెల్లారి రేడియో ఆన్ చేస్తే పాట లేదు, స్టేషన్ లేదు, తెర మీద ఇంగ్లీషుల కోడ్ అని నాలుగు అక్షరాలు, అంతే. ఏ బటన్ వత్తినా అదే. నాకు అప్పుడు తెల్వదు, సెట్ కాలిపోయిందనుకున్న. ఒక కార్ డెకర్స్ షాపుకు తీస్కపోతే అక్కడి పిలగాడు ఒక నిమిషం చూసి, అన్నా ఇది ఖతం అయింది, దీనికి పార్ట్‌లు ఇండియాల దొరకయ్, ఆండ్రాయిడ్ పెట్టుకో, యూట్యూబ్ వస్తది, రివర్స్ కెమెరా వస్తది అన్నడు. నేను సరే అన్న. తప్పు నాది కూడ ఉన్నది, పక్కన నిలబడి చూడకుంట బ్యాంక్ పని ఉందని పోయిన.

రెండు గంటలకు వచ్చి చూస్తే కడుపుల దేవినట్టయింది. ఆ బెకర్ సెట్లు ఊకె గుంజితే రావు, ముందట రెండు దిక్కుల సన్నటి సందులు ఉంటయ్, వాటిల్ల పెట్టే సన్నని రేకు తాళాలు ఉంటయ్ జతగ, అవి పెడితే లోపలి క్లిప్పులు వదిలి సెట్ మెల్లగ ముందుకు జారుతది. ఆ తాళాలు లేక స్క్రూడ్రైవర్‌తోని లేపిండ్రు, కింద కన్సోల్ మీది కట్టె పాలిష్ అంచు పొడుగున పగిలింది. సరే, అది పైకి కనపడే గాయం. వెనక చేసింది ఇంకా ఘోరం. కంపెనీ కప్లర్లు, అంటే వైర్లను సెట్‌కు గుచ్చే ప్లగ్గులు, రెండూ కట్టర్‌తోని కోసి పారేసిండ్రు, వైర్ల కొసలు పండ్లతోని ఒలిచినట్టు ఒలిచి, మెలేసి, నల్ల టేపు చుట్టి లోపలికి కుక్కిండ్రు. మన ఎండలకు డాష్‌బోర్డ్ వెనక ఎంత వేడి ఉంటదో చెప్పే పని లేదు, ఒక్క ఎండాకాలానికే ఆ టేపు జిగురు కారి పాకం లెక్క అయింది, తర్వాత నా చేతులతోనే తీసిన, వేళ్లకు అంటుకుని కిరోసిన్‌తోని కడిగితే గాని పోలే. పాత సెట్ ఏదిరా అంటే ఒక అట్టపెట్టెల ఇంకో పది సెట్లతోని కలిపి పడేసిండ్రు, తుక్కోనికి ఇచ్చుడే తరువాయి. అడిగి తీసుకున్న, ఆ ఒక్కటి మంచిపని చేసిన.

ఇగ కొత్త సెట్ పెట్టినంక కష్టాలు ఒక్కొక్కటిగ మొదలైనయ్. మొదటిది, 103.5 సరిగ రాలే, గుసగుస శబ్దం. వరంగల్ స్టేషన్ మన ఊర్లనే ఉన్నది, హన్మకొండ నడుమ నిలబడి హన్మకొండ రేడియో రాకపోవుడు ఏంది? షాపాయన టవర్ ప్రాబ్లం అన్నడు. అసలు సంగతేందంటే ఈ కారుకు ఏంటెన్నా వెనక ఎడమ చక్రం మీది రేకు లోపల దాక్కుని ఉంటది, రేడియో ఆన్ చేస్తే ఒక వైర్ల కరెంట్ వచ్చి మోటర్ దాన్ని పైకి లేపుతది, ఆఫ్ చేస్తే కిందికి దించుతది. ఆ వైరు కలపకుంట ఒదిలేసిండ్రు, ఏంటెన్నా బాడీల పండుకునే ఉన్నది, సిగ్నల్ ఎక్కడికెళ్లి వస్తది. మళ్ల తీస్కపోతే ఈసారి దాన్ని తీస్కపోయి తాళం కరెంటుకు కలిపిండు, అంటే బండి తాళంచెవి తిప్పంగనే రేడియో ఉన్నా లేకున్నా ఏంటెన్నా నిలువునా లేస్తది. మా ఇంటి ముందల వేపచెట్టు కొమ్మకు తగిలి వంగింది, లోపల పండ్లున్న నైలాన్ తాడు ఒకటి ఉంటది, మోటర్ దాన్నే పట్టుకుని పైకి కిందికి నడుపుతది, దాని పండ్లు అరిగి మోటర్ గర్రున తిరుగుడే గాని పుల్ల కదలకపాయె.

రెండోది బ్యాటరీ. అయిదారు రోజులు బండి తీయకపోతే స్టార్టే అయితలేదు. కొత్త బ్యాటరీ కదా అని బ్యాటరీ షాపోనితోని కొట్లాడిన, పాపం ఆయన తప్పేం లేదు. బజార్ల దొరికే కారు సెట్లకు మామూలుగ కరెంటు వైర్లు రెండు ఉంటయ్, పసుపు రంగుది ఎప్పుడూ కరెంటు ఉండేది, గడియారం, స్టేషన్లు యాదికి పెట్టుకోను, ఎర్రది తాళం తిప్పితేనే వచ్చేది. ఈ రెండూ కలిపి ఎప్పుడూ ఉండే కరెంటుకు ముడేస్తే సెట్ ఎన్నడూ పూర్తిగ పండుకోదు, రాత్రంత గుటకలు గుటకలుగ తాగుతనే ఉంటది.

మూడోది స్పీకర్లు. పాత బండి గదా ఎర్త్ ఒకటే సరిపోతది అని స్పీకర్ల మైనస్ వైర్లన్ని కలిపి బాడీకి బిగించిండ్రు. వెనకటి కాలం సెట్లల్ల అది నడిచింది. ఇప్పటి సెట్లు అట్ల కాదు, స్పీకర్‌కు పోయే రెండు వైర్లను లోపలి ఐసీ చిప్పే నడుపుతది, మైనస్ అని రాసి ఉన్నా అది ఎర్త్ కాదు, బాడీకి తగులుడే తప్పు. మా సెట్ కాలుతున్న పెంక లెక్క వేడెక్కేది, మూడో నెలల ఒక దిక్కు స్పీకర్లు మూగబోయినయ్.

వీటన్నిటికన్న పెద్ద నష్టం బాపుది. చెయ్యి చాపితే అక్కడ నున్నటి అద్దం, తిప్పుదామంటే నాబ్ లేదు, వేలు పెడితే ఏదో ఒకటి తెరుచుకుంటది, ఒకసారి మ్యాప్, ఒకసారి ఎవరిదో ఫోన్ నంబర్. నాలుగు రోజులు చూసి చెయ్యి చాపుడే బంద్ చేసిండు. ఏం మాట్లాడకుంట కిటికీ దిక్కు తిరిగి కూసునేటోడు. ఇంత చేసి నేను ఆయన చేతుల నుంచి ఏం గుంజుకున్ననో అప్పుడు అర్థమైంది. పైగా ఆ స్క్రీన్ ముందుకు పొడుచుకొచ్చి ఏసీ బటన్లకు అడ్డం, అటు పక్క నుంచి వేలు దూర్చి తిప్పుకోవాలె.

ఇగ బాగు చేసిన మనిషి సంగతి. వరంగల్ల ఒక పెద్దాయన ఉన్నడు, రేడియోలు, టేపులు, ఆంప్లిఫయర్లు బాగు చేసుకుంట నలభై ఏండ్ల సంది ఒక్కటే చిన్న గదిల కూసుంటున్నడు. పేరు రాయొద్దన్నడు కాబట్టి రాస్తలేను. అట్టపెట్టెలకెళ్లి తెచ్చిన బెకర్ సెట్ ఆయన ముందల పెట్టిన. కరెంటు ఇచ్చి చూసి నవ్విండు, సార్, ఇది పాడైన సెట్ కాదు, తాళం పడ్డ సెట్ అన్నడు. అప్పట్ల యూరప్‌ల కార్ల అద్దాలు పగలగొట్టి రేడియోలు ఎత్తుకపోవుడు మస్తు ఉండేదట, అందుకే కంపెనీలు కోడ్ పెట్టినయ్, బ్యాటరీ తీస్తే సెట్ తనను ఎవరో పీకుతున్నరనుకుని తాళం వేసుకుంటది, అయిదంకెల నంబర్ కొడితేనే తెరుచుకుంటది. ఊకె అందాజగ కొట్టొద్దు, తప్పుల మీద తప్పులు కొడితే వెయిట్ అని చూపెట్టి మొరాయిస్తది. ఆ నంబర్ బండితోని ఒక చిన్న కార్డు మీద వస్తది. మా దగ్గర లేదు. లేకపోతే సెట్ పక్కన అతికిచ్చిన సీరియల్ నంబరు, ఆర్సీ జిరాక్స్ తీస్కపోయి కంపెనీ డీలర్‌ను అడుగొచ్చని ఆయనే చెప్పిండు. నేను మాత్రం ముందుగాల బండి అమ్మిన డాక్టర్ గారికి ఫోన్ చేసిన, ఇరవై ఏండ్ల కింది సంగతి, మనిషి ఉన్నడో లేడో అనుకుంట. ఆయన ఉన్నడు, ఫైల్ కూడ ఉన్నది! 1996 నాటి బిల్లు, సర్వీస్ కాయితాలు, దాంట్లనే ఆ కార్డు. ఇన్నేండ్లు ఎవరూ అడగలేదు, ఎందుకైనా మంచిదని దాచిన అన్నడు. ఫోన్లనే నంబర్ చదివిండు, కొట్టిన, తెర మీద అంకెలు వచ్చినయ్.

అంటే ఏ రోగం లేని సెట్‌కు ఇంత కోత కోసినం. రోగం ఒకటైతే మందు ఒకటి అంటే ఇదే.

ఈ బెకర్ కంపెనీ గురించి నాలుగు ముక్కలు చెప్పాలె, ఎందుకంటే చానమంది దీన్ని పాత టేప్ రికార్డర్ అనుకుని తీసి పారేస్తున్నరు. 1945ల జర్మనీల మాక్స్ ఎగోన్ బెకర్ పెట్టిండు. 1953ల వాళ్లు తెచ్చిన మెక్సికో అనే సెట్‌ల ఎఫ్ఎం ఉండేది, స్టేషన్‌ను దానంతట అదే వెతికి పట్టుకునేది, అప్పటికి అది మామూలు సంగతి కాదు. మెర్సిడెస్ బండ్లకు, ఇంకా పెద్ద పెద్ద కంపెనీల బండ్లకు వాళ్లే సెట్లు ఇచ్చెటోళ్లు. 1995ల ఆ కంపెనీని హర్మన్ అనే అమెరికా ఆడియో కంపెనీవాళ్లు కొనుక్కున్నరు. ఇప్పటికీ విదేశాలల్ల ఈ పాత సెట్లను బాగు చేసి, లోపల బ్లూటూత్ పెట్టి ఇచ్చేటోళ్లు ఉన్నరు, బయటికి చూస్తే ఒక్క గీత మారదు. మా పెద్దాయన కూడ అదే చేసిండు, లోపల ఎండిపోయిన కెపాసిటర్లు మార్చిండు, క్యాసెట్ బెల్టు కరిగి జిగురైతే శుభ్రం చేసి కొత్తది వేసిండు, ఆరిపోయిన బల్బు మార్చిండు, చిన్న బ్లూటూత్ బోర్డు దాచిపెట్టిండు. మా పిల్లలు ఫోన్‌ల పాటలు పెట్టుకుంటరు, బాపు తన మొదటి బటన్ వత్తుకుంటడు.

సరే, అందరికీ అట్లాంటి పెద్దాయన దొరకడు, సెట్ నిజంగనే కాలిపోయి ఉండొచ్చు, పోయి ఉండొచ్చు. అప్పుడు కొత్తది పెట్టుడే దారి. దానికి కూడ పద్ధతి ఉన్నది, కొయ్యకుంట పెట్టొచ్చు. ఆ కాలం బండ్ల రేడియో బొక్క 180 ఎంఎం వెడల్పు, 50 ఎంఎం ఎత్తు, సింగిల్ డిన్ అంటరు, ఇప్పటికీ ఆ సైజుల కొత్త సెట్లు వస్తున్నయ్. పెద్ద స్క్రీన్ కావాల్నంటే ఎత్తు 100 ఎంఎం కావాలె, అప్పుడే రంపం బయటికొస్తది, కట్టె పోతది, ఏసీ ప్యానెల్ చుట్టు ప్లాస్టిక్ పోతది, మళ్ల జన్మల ఆ బండి మునుపటి లెక్క కాదు. పోర్షేవాళ్లే 2020ల తమ పాత 911 బండ్ల కోసం ఇదే పాత సైజుల బ్లూటూత్, మ్యాప్ అన్ని ఉన్న సెట్ తయారు చేసి అమ్మిండ్రు, నాబ్‌లు అట్లనే ఉంచి. బ్లౌపుంక్ట్ అనే రేడియో కంపెనీవాళ్లు వాళ్ల ఎనభైలనాటి బ్రెమెన్ సెట్‌ను అదే ముఖంతోని కొత్తగ తెచ్చిండ్రు. బండిని చేసినోళ్లే బొక్కను పెద్దగ చేయకుంట సెట్‌ను బొక్కకు తగ్గట్టు చేస్తున్నప్పుడు మనకు అంత తొందర ఎందుకు?

వైర్ల సంగతి కూడ అంతే. మా బండి రేడియో వెనక ఉన్నయి రెండు కప్లర్లు, ఒకటి కరెంటుకు, ఒకటి స్పీకర్లకు, ఒక్కోదానికి ఎనిమిది పిన్నులు, ఇవి ఐఎస్ఓ కప్లర్లు, అంటే అందరికీ ఒకటే కొలత ఉన్నయి, ఆ కాలం యూరప్ బండ్లల్ల చానావాటికి ఇవే ఉంటయ్. కరెంటు కప్లర్‌ల 4 నంబర్ పిన్ను ఎప్పుడూ ఉండే కరెంటు, 7 తాళం కరెంటు, 8 ఎర్త్, 5 ఏంటెన్నా. ఒక దిక్కు ఈ కప్లర్, ఇంకో దిక్కు కొత్త సెట్ కప్లర్ ఉన్న అడాప్టర్ వైరు బజార్ల కొన్ని వందలకు దొరుకుతది, నడుమ పెడితే అయిపాయె, ఒక్క వైరు కొయ్యే పని లేదు. రేపు మళ్ల పాతది పెట్టాల్నంటే ఊడదీసి గుచ్చుడే. కాని కరెంటు చూసే మీటర్ పెట్టి చూసుకోవాలె, కొన్ని కంపెనీలల్ల 4, 7 తారుమారుగ ఉంటయ్. ఇంకా పాత బండ్లల్ల ఈ కప్లర్ ఉండదు, వాటికైతే ఒక్కో వైరు మీటర్‌తోని చూసి పేరు రాసుకున్నంకనే చెయ్యి పెట్టాలె. మా బండికి కోసిన కప్లర్ల జాగల కొత్త కప్లర్లు తెప్పిచ్చి పెద్దాయన ఒక్కో వైరును టంకం వేసి గొట్టం ఎక్కిచ్చిండు, పూట పట్టింది పదహారు వైర్లకు.

ఇంకొకటి, సస్తగ దొరుకుతయని జపాన్ బండ్ల నుంచి తీసిన సెకండ్ హ్యాండ్ సెట్లు కొందరు కొంటున్నరు. జపాన్‌ల ఎఫ్ఎం 76 నుంచి 90 దాకనే ఉండేది, ఆ సెట్లు అక్కడితోని ఆగిపోతయ్. మన వరంగల్ 103.5, ఆదిలాబాద్ 100.2, ఏదీ రాదు. పెట్టినంక ఏడ్చి లాభం లేదు.

షాపుల పిలగాళ్ల మీద నాకు కోపం లేదు. మంచి చేతులున్నోళ్లు, రోజుకు పది బండ్లు చూస్తరు, కొత్త బండ్లకు కప్లర్ డబ్బాల వస్తది, గుచ్చుతరు. పాత వాటి గురించి వాళ్లకు ఎవరూ చెప్పలేదు. మన ఐటీఐలల్ల మోటర్ మెకానిక్ ట్రేడ్ ఉన్నది, ఎలక్ట్రానిక్ మెకానిక్ ట్రేడ్ ఉన్నది, ఈ రెండిటి నడుమ పడే పని ఇది, అటోడు ఇటు చూడడు, ఇటోడు అటు చూడడు. ఒక్క పూట పాఠం పెట్టినా చాలు, మీటర్ పట్టుకుని నాలుగు వైర్లు గుర్తు పట్టుడు, టంకం వేసుడు. మా పెద్దాయన లాంటోళ్లు ఉన్నప్పుడే పిలిచి చెప్పిచ్చుకోవాలె, ఆయన పక్కన నేర్చుకునే పిలగాడు ఒక్కడు లేడు ఇప్పుడు. ఇక షాపోళ్లకు నా విన్నపం ఒక్కటే, పీకిన సెట్ ఎంత పాతదైనా ఓనర్ చేతిల పెట్టండ్రి, అడిగినా అడగకున్నా.

50 ఏండ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ అని 2021ల కేంద్రం రూల్ తెచ్చింది, నంబర్‌ల వీఏ అని వస్తది. మా బండికి ఆ వయసు 2046ల వస్తది. నేను ఉంటనో ఉండనో గాని ఆ బండి అప్పటికి దాని సొంత రేడియోతోనే ఉండాల్నని మా కొడుక్కు చెప్పి పెట్టిన, కార్డు జిరాక్స్ ఆర్సీ వెనక ప్లాస్టిక్ కవర్ల పెట్టిన, ఇంకొకటి బీరువాల. పాత కారు ఉన్న పాఠకులు బ్యాటరీ తీయకముందే తమ బండి పుస్తకాల సంచి ఒకసారి వెతకండ్రి, కార్డు దొరకకపోతే అమ్మినాయనకు ఫోన్ చేయండ్రి.

ఎడిటర్ గారూ, మీ కార్ల పేజీల జాగ ఇస్తే ఆ పదహారు పిన్నులు ఏది ఏందో బొమ్మ గీసి పంపిస్త, పెద్దాయన చూసి దిద్దిండు, నా దగ్గర తయారుగ ఉన్నది.

ఇట్లు,
మీ పాఠకుడు,
హన్మకొండ